తప్పులన్నీ మా బావవే

మా బావకి ఒకటే జబ్బు. లోకంలో ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తనదే అంటాడు.

లిఫ్టు మధ్యలో ఆగిపోతే, "తప్పు నాదే, నేను మెట్లెక్కి రావాల్సింది" అంటాడు. బస్సులో ఎవరైనా ఆయన కాలు తొక్కితే, "కాలు అక్కడ పెట్టడం నాదే తప్పండీ" అని తొక్కినవాడికే క్షమాపణ చెబుతాడు. అవతలివాడు "పర్లేదు లెండి, ఇకనైనా చూసుకోండి" అని పెద్దమనసుతో క్షమించి దిగిపోతాడు.

మా అక్కకి ఈ మంచితనంతో వేగలేక ప్రాణం మీదికొచ్చింది. పోట్లాడదామని కొంగు బిగించి వస్తుందా...

"ఏవండీ, స్టవ్ మీద పాలు..."

"తప్పు నాదే."

"పూర్తిగా చెప్పనివ్వండి! పాలు పొంగబెట్టింది నేను!"

"నువ్వు అటు తిరిగినప్పుడు నేను చూడొద్దూ? తప్పు నాదే."

"చూశావుట్రా తమ్ముడూ! పెళ్లయి ఇన్నేళ్లయింది. ఒక్క పోట్లాటయినా ఒడ్డెక్కనిచ్చారా ఈయన?" అని నా దగ్గర వాపోతుంది.

బావ పెద్దాసుపత్రి ల్యాబులో సూక్ష్మక్రిముల డాక్టరు. అది పొట్ట కోసం. ప్రాణం పెట్టి చేసే పని ఇంకోటుంది. నాలుగు ఖండాల ల్యాబులవాళ్లు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. రోగుల దగ్గర దొరికిన క్రిముల జన్యువుల్లో ఉన్న రాతని యంత్రంతో చదివి, ఒకరిది ఒకరు పోల్చి చూసుకుంటారు. అన్నదమ్ముల పోలికలు కలిసినట్టు రెండుచోట్ల క్రిముల రాత కలిసిందంటే, జబ్బు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పాకిందో దొరికిపోతుంది. ఆ సంఘానికి మా బావే పెద్ద. జీతం లేని పెత్తనం.

ఆయన్ని ఎన్నుకున్న వైనం వింటే నవ్వాగదు. పాత పెద్ద దిగిపోయే రోజున, "మన పనంతా ఎందుకిలా గందరగోళమైంది?" అని ఎవరో అడిగారట. అందరూ టకటకా మైకులు కట్టేసుకున్నారు. బావ ఒక్కడే "తప్పు నాదే" అన్నాడు. అప్పటికి ఆయన సంఘంలో చేరి వారం కాలేదు. "తప్పు మోసేవాడు దొరికాడు, వదలకండి!" అని అందరూ చేతులెత్తి గెలిపించేశారు.

నాది కంప్యూటర్లు బాగుచేసే పని. "ఒరేయ్, మా మీటింగులు కాస్త నడిపిపెట్టరా" అని నన్నూ లాగాడు. ఇక ప్రతి ఆదివారం పొద్దున అక్కావాళ్ల భోజనాల బల్ల దగ్గర బావా, నేనూ, కంప్యూటరు తెర నిండా దేశదేశాల ముఖాలూ.

ఎవరి మాటైనా వినపడకపోతే, "తప్పు నాదే, నా చెవి మందం." ఒకాయనకి వానకి లైను తెగిపోతే, "తప్పు నాదే, వానాకాలంలో మీటింగు పెట్టాను."

"బావా! ఆ వాన పడింది ఇంకో ఖండంలో!"

"మీటింగు పెట్టింది ఇక్కడే కదరా."

నాకు ఒళ్లు మండేది. "ఇలా అయితే నెత్తికెక్కి కూర్చుంటారు నీకు" అనేవాణ్ణి. "కూర్చోనీరా, జుట్టెలాగూ లేదు" అనేవాడు, బట్టతల నిమురుకుంటూ.

అలాంటి రోజుల్లో ఒక కొండల దేశంలో బడి హాస్టల్ పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. అక్కడి ల్యాబు డాక్టరమ్మ కొత్తగా చేరిన మనిషి, పిలిస్తే తప్ప పలకదు. పిల్లల శాంపిల్‌లోని క్రిమి రాతని చదివి సంఘానికి పంపింది. చూస్తే అది ఎక్కడో సముద్రం మధ్య ద్వీపంలో దొరికిన క్రిమితో అక్షరం పొల్లుపోకుండా కలిసింది! ఆ ద్వీపంవాళ్లు కొంతమంది కొండల దేశంలో ఆనకట్ట పనికొచ్చి ఉన్నారు. జబ్బు తెచ్చింది వాళ్లేనని అధికారులు అందర్నీ రేకుల షెడ్లలో పెట్టి తాళాలేశారు. ఇక హాస్టల్ వైపు చూసే దిక్కు లేదు. పిల్లలేమో రోజూ పడిపోతూనే ఉన్నారు.

ఆ ఆదివారం ద్వీపం డాక్టరుగారు తెర మీద నిప్పులు కక్కుతూ ప్రత్యక్షమయ్యారు.

"మావాళ్లని గొడ్లలా కట్టేశారు! అందులో ఒక్కడికైనా కడుపునొప్పి ఉందా? మరి క్రిమి ఎలా వచ్చింది? గాల్లో ఎగిరొచ్చిందా?"

డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. "యంత్రం అలాగే చూపించిందండీ" అంది సన్నగా.

"ఎవరి తప్పో ఇవాళ తేలిపోవాలి. ఆ ల్యాబుని సంఘంలోంచి తీసెయ్యాలి" అన్నాడు ఇంకొకాయన.

అందరూ కెమెరా వంక తప్ప ఎటైనా చూస్తున్నారు.

"తప్పు నాదే" అన్నాడు బావ.

నేను తల పట్టుకున్నాను.

"పని నేర్చుకోడానికని ద్వీపం శాంపిల్‌ని కొండలకి పంపించింది నేను. ఒక శాంపిల్‌కీ ఇంకో శాంపిల్‌కీ మధ్యలో యంత్రాన్ని ఎలా కడగాలో రాసిచ్చిందీ నేనే. సరిగ్గా రాసి ఉండను. నేను రాసినట్టు చేస్తే ఎంతటివాళ్ల యంత్రంలోనైనా పాత శాంపిల్ జాడ మిగిలిపోతుంది. తీసెయ్యాలంటే ముందు నన్ను తీసెయ్యండి."

అప్పుడు డాక్టరమ్మ నోరు విప్పింది.

"లేదు సార్. మీరు సరిగ్గానే రాశారు. పిల్లలు వరసగా పడిపోతున్నారని కంగారులో... నేనే కడక్కుండా ద్వీపం శాంపిల్ వెనకే పిల్లలది ఎక్కించేశాను. తర్వాత అనుమానమొచ్చింది. చెబితే మా ల్యాబు మూసేస్తారని భయపడ్డాను."

ద్వీపం డాక్టరుగారు ఇప్పుడు భగ్గుమంటారనుకున్నాను. ఆయన గొంతు సవరించుకున్నారు.

"షెడ్డు తలుపులు మాత్రం ఈ పూటే తెరిపించండమ్మా" అన్నారు. ఆ వెంటే, "పోయినేడు మేం శాంపిల్ గొట్టాల మీద పేర్లే తారుమారు చేశాం. నేనూ ఎవరికీ చెప్పలేదు."

"మా ఫ్రిజ్జు రెండురోజులు చల్లబడలేదు, అప్పటి శాంపిళ్లే మీకు పంపాం" అని ఇంకో మూల నుంచి. "మాదింకా ఘోరం, వినండి!" అని మరో గొంతు. నా తప్పు ముందంటే నాది ముందని ఒకటే తోపులాట. వీళ్లని ఆపలేక నేను మైకులన్నీ కట్టేయాల్సొచ్చింది.

"ముందు పిల్లల సంగతి" అన్నాడు బావ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అధికారులకి అప్పటికప్పుడు తనే ఫోన్ చేశాడు. "మేం చెప్పింది తప్పు. సంఘం తరఫున నేను చెబుతున్నాను. ఆ మనుషుల్ని వదలండి, హాస్టల్ నీళ్లు చూడండి." అవతలివాళ్లు ఎడాపెడా తిట్టారు. చేతులు కట్టుకున్నవాడిలా నిలబడి, అన్నీ విన్నాడు.

డాక్టరమ్మ యంత్రం కడిగి, పిల్లల శాంపిళ్లూ హాస్టల్ ట్యాంకు నీళ్లూ మళ్లీ చదివించింది. ద్వీపం క్రిమి జాడే లేదు. పిల్లల కడుపులోదీ ట్యాంకులోదీ కవలపిల్లల్లా కలిశాయి. ట్యాంకు మూయించారు. షెడ్ల తాళాలు అప్పటికే ఊడాయి.

"బావా, నువ్వు సరిగ్గానే రాశావని నీకు తెలుసు కదా?" అని అడిగాను.

"తెలియకేం? ఎర్రక్షరాలతో రాశాను."

"మరి?"

"ఒరేయ్, కోర్టులో బోను ఖాళీగా ఉంటే ఎవరెక్కుతార్రా? లోపల అప్పటికే ఒకడు నిలబడి ఉంటే, 'కాస్త జరగండి సార్' అని వచ్చి పక్కన నిలబడతారు."

"అయితే బస్సులో కాలు తొక్కినవాడికి చెప్పేది కూడా ఇందుకేనా?"

"ఛ, అది కాదు. నా కాళ్లు నిజంగానే పొడుగు."

కొన్నాళ్లకి, మీటింగు లేని రోజున, డాక్టరమ్మ హాస్టల్ నుంచే ఫోన్ చేసింది. వెనకనించి చెవులు చిల్లులు పడే మోత.

"పిల్లలందరూ లేచి తిరుగుతున్నారు సార్! కూరలో ఉప్పు లేదని కంచాలు వాయిస్తున్నారు. వంటాయన గొడవ పడలేక గదిలోకెళ్లి గడియ పెట్టుకున్నాడు!"

"ఫోను అటు తిప్పమ్మా" అన్నాడు బావ.

తిప్పింది. బావ కళ్లు మూసుకుని, తలూపుతూ, కచేరీ విన్నట్టు విన్నాడు.

"ఏవిటండీ ఆ గోల?" అంది అక్క లోపల్నుంచి.

"పిల్లలకి ఆకలేస్తోందే!" అన్నాడు బావ.