వుజూ నీళ్లు తాగిన కుండీ

సర్వరీ బేగం జహీరాబాద్‌లో బ్లౌజులు కుట్టి ఇల్లు నడుపుతుంది. పెళ్లిళ్ల కాలంలో ఆమె కుట్టుమిషన్ ఆగదు, నోరూ ఆగదు. భర్త సర్వర్ లేత్ మెషిన్ మీద పనిచేసి రిటైరయ్యాడు. పోయినేడు వానలు మొదలయ్యే రోజుల్లో పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. దవాఖానలో పిసకమని రబ్బరు బంతి ఇచ్చారు. ఎడమచేత్తో దాన్ని మంచం కిందికి విసిరేశాడు.

ఆ కుడిచెయ్యి మొదట కదిలింది ఒక మొగ్గ కోసం. హైవే పక్క నర్సరీలో సర్వరీ ముచ్చటపడి కొన్న మొక్క అది, గంటపూల కుటుంబానిది. ఊదారంగు పువ్వు, అయిదు కొసల నక్షత్రం. విచ్చుకునే ముందు మొగ్గ గాలి నింపిన బుడగలా ఉబ్బుతుంది, నొక్కితే టప్‌మని తెరుచుకుంటుంది. ఒకరోజు సర్వర్ దాన్ని చూసి చెయ్యి లేపాడు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి రావడానికి చాలాసేపు పట్టింది. టప్! ఇక రోజూ అదే పని. పువ్వే రోగం కుదిర్చిందంటే నమ్మక్కర్లేదు. మందులు మింగాడు, ఫిజియోథెరపీ చేయించుకున్నాడు. కానీ బంతి చేయించలేనిది మొగ్గ చేయించింది.

చలికాలం వచ్చింది. జహీరాబాద్ పక్కనున్న న్యాల్‌కల్ వైపు చలి ఎముకలు కొరుకుతుంది. మొక్క ఎండిపోయి పుల్ల మిగిలింది. సర్వర్ చెయ్యి మళ్లీ ఒళ్లో ముడుచుకుంది. సర్వరీకి గుబులు పుట్టింది. నీళ్లు చాలడం లేదనుకుని కుండీని వుజూ చేసే నల్లా కిందికి జరిపింది. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడిగిన నీళ్లు వృథా పోకుండా చెట్లకు పారించడం ఆ ఇంటి అలవాటు. మంచి అలవాటే. కానీ అది చలికి పైన ఎండి, వేరులో ప్రాణం దాచుకునే మొక్క; ఆకు లేనప్పుడు పూటపూటా అన్ని నీళ్లు తాగలేదు.

సర్వరీని అక్కా అన్నట్టు ‘ఆపా’ అని పిలిచే గోడ అవతలి శరణమ్మకు రాయికోడ్ దగ్గర అల్లం చేనుంది. ఆమె లెక్కలో ఆకు ఎండిందంటే తవ్వాల్సిందే. సర్వరీ దారాలకు బజారు పోయినప్పుడు సాయం చేద్దామని వచ్చి, కుండీ బోర్లించి వేరు పైకి తీసింది. సర్వరీ తిరిగొచ్చేసరికి అది ముల్లంగిలా గోనె మీద పడి ఉంది.

"ఏం పని జేసినవే శరణమ్మా! మా ఆయన చెయ్యిని తవ్వి బయటేసినవ్ గదనే!"

"ఆకు ఎండితే తియ్యొద్దా ఆపా? అల్లం గిట్లనే తీస్తం."

"గిది అల్లమా? చాయ్‌ల ఏస్తవా?"

"తిట్టుడు తర్వాత. జర వంగి వాసన చూడు."

వేరు కింది భాగం కుళ్లి మెత్తబడింది. కుండీ అడుగు రంధ్రం పూడుకుపోయి లోపలంతా బురద. ఆ నీళ్లు ఎవరు పోసినవో సర్వరీకి అర్థమై నోరు ఆగింది. శరణమ్మ కుళ్లినంత మేరా కోసేసి, విత్తనపు అల్లానికి చేసినట్టే బూడిద పూసి నీడన ఆరబెట్టింది. తర్వాత ఇసుక కలిపిన మట్టిలో పాతింది.

"మొలక కనబడేదాక నీళ్లు పొయ్యొద్దు. పోస్తే నా మీద ఒట్టు."

వుజూ నీళ్లు కరివేపాకు చెట్టుకు మళ్లాయి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఆ ఉత్త మట్టికేసి చూస్తూ కూర్చున్నారు. ఎండలు ముదరకముందే ఊదారంగు మొలక తల ఎత్తింది.

ఈ వానకాలం మొదటి మొగ్గ ఉబ్బగానే సర్వరీ గోడ మీంచి కేకేసింది. "దా శరణమ్మా, ఇది నువ్వే నొక్కాలె. నువ్వు తవ్వకుంటే నేనే ముంచి సంపుతుంటి."

"నాకెందుకు ఆపా, భాయిసాబ్‌ను నొక్కనియ్యి."

సర్వర్ చెయ్యి లేచింది. టప్! అక్కడితో ఆగలేదు, ఆ రెండు వేళ్లతోనే కాడ తుంచి పువ్వును శరణమ్మకు అందించాడు.

శరణమ్మ కొప్పులో పెట్టుకుంది. "మళ్ల చలికాలం తవ్వాల్నా?"

"తవ్వితే నీ చెయ్యి విరుస్త" అంటూ సర్వరీ చాయ్ పెట్టడానికి లేచింది. అందులో దంచి వేసిన అల్లం శరణమ్మ చేనుదే.