చిన్నమ్మ కాగితం మీద నా జవాబులు

చెప్పింది చెప్పినట్టు రాయి బిడ్డా, నన్ను మంచిదాన్ని చేయకు.

మీ తాత బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మోకాళ్లు పోయాక ఇక పని చేయలేడని డాక్టర్ల బోర్డు రాస్తే, కంపెనీ ఆ కొలువు పిల్లల్లో ఒకరికి ఇస్తుంది. మా క్వార్టర్లలో ఎవరింట్లోనైనా అంతే, బోర్డుకు పోయే ముందు ఏది అడిగితే ఏం చెప్పాలో కూర్చోబెట్టి నేర్పిస్తారు. మీ తాతకు నేనే నేర్పించాను. కొలువు నా చిన్నబిడ్డకు, మీ చిన్నమ్మకు వచ్చింది. ఆమె ఫిట్‌గా ఉందని కంపెనీ డాక్టర్లు తేల్చడమే మిగిలింది.

అప్పటికే ఆమె చేతుల మీద తను కోసుకున్న గాట్లున్నాయి. ఎవరైనా ఫోను ఎత్తకపోతే నన్ను వదిలేశారని ఏడ్చేది, మర్నాడు వాళ్లనే తిట్టేది. కరీంనగర్ తీసుకుపోయాను. అక్కడ మానసిక డాక్టరమ్మ ప్రశ్నల కాగితాలిచ్చింది. అవును, కాదు అని గుర్తు పెట్టాలి. ఇవి మా దగ్గరే ఉంటాయని కూడా చెప్పింది. నేను నమ్మితే కదా! బోర్డు వాళ్లూ తియ్యగానే మాట్లాడతారు.

వరండాలో బల్ల మీద కూర్చున్నాక చెప్పాను.

"గీ కాయితం కంపెనీకి పోతది. అన్నిటికీ కాదు అనే పెట్టు."

లోపలంతా ఖాళీగా అనిపిస్తుందా అన్న ప్రశ్న మీద ఆమె వేలు ఆగింది.

"గిది గూడ కాదేనా అవ్వా?"

"గిది గూడ."

డాక్టరమ్మ చూసి, ఎన్నడూ కోపం రాని మనిషిని ఇప్పుడే చూస్తున్నానంది. నన్ను బయటికి పంపి, మళ్లీ రాయమంది. మీ చిన్నమ్మ పెన్ను ముట్టలేదట.

కొలువులో చేరింది. రెండు నెలలకు మళ్లీ కోసుకుంది, చేతికి కుట్లు పడ్డాయి. అప్పుడు నేనొక్కదాన్నే బస్సెక్కి పోయి, నేర్పించింది నేనేనని డాక్టరమ్మకు ఒప్పుకున్నాను. అన్ని ప్రశ్నలకూ అసలు జవాబులు నేను చెప్తాను, రాసుకోమన్నాను. ఆమె ఓపికగా విన్నది, రాయలేదు.

"గవి ఆమె చెప్పాలె అమ్మా. తోలుకరా."

ఇంటికొచ్చి బతిమాలాను. మీ చిన్నమ్మ కోపం కూడా చేయలేదు.

"దాచుమన్నది నువ్వే గదా అవ్వా. ఇప్పుడు చెప్పుమంటే నాకు చెప్పుడు రాదు."

ఇప్పటికీ డాక్టరమ్మ దగ్గరికి పోలేదు. స్నానాల గదిలో కాస్త ఆలస్యమైతే తలుపు బయట నిలబడి కూర సంగతో, నీళ్ల సంగతో అడుగుతుంటాను, లోపలి నుంచి గొంతు వినపడేదాకా.