మంచినీళ్ళతో పోటీ పడే కంపెనీ తరఫున దుబ్బాకలో ఒక రోజు

నన్ను దుబ్బాక పంపింది ఒక ఫొటో. నేను సిద్దిపేటలో ఒక ఎనర్జీ డ్రింకు కంపెనీకి ఫీల్డు మనిషిగా పనిచేసేవాణ్ణి. కంపెనీ పేరు రాయను. చిన్న కిరాణా కొట్లకు ఈ కంపెనీ ఊరికే ఫ్రిజ్ ఇస్తుంది. షరతు ఒక్కటే: అందులో వాళ్ళ ఎర్ర సీసాలు తప్ప ఇంకేమీ ఉండకూడదు, పెరుగు ప్యాకెట్ కూడా. కొట్టువాళ్ళు రోజూ పొద్దున తలుపు తెరిచి ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. సీసాలు ఎన్నున్నాయో యాపే చూసుకుంటుంది. దుబ్బాకలో చేనేత మగ్గాలుండే ఒక సందులో భారతమ్మ అనే ఆమె కొట్టు ఉంది. ఆమె పంపే ఫొటోలో అరలన్నీ రోజూ ఎర్రగా నిండి ఉండేవి. అయినా రెండు నెలలుగా ఒక్క డబ్బా సరుకు తెప్పించుకోలేదు. "ఏదో మోసం ఉంది. వెళ్ళి వీడియో తీసి పంపు, ఫ్రిజ్ ఎత్తేద్దాం" అన్నాడు హైదరాబాద్‌లో ఏసీ కింద కూర్చునే మా ఆఫీసరు. ఆ సందు నా కిందికే వస్తుంది కాబట్టి మాట పడేది నేను. ఆమె మీద నాకూ మండింది. మే నెలలో ఒక సోమవారం బయల్దేరాను.

సిద్దిపేట బస్టాండులో ఏడున్నర ప్రాంతంలో దుబ్బాక బస్సు దొరుకుతుంది. ఆడవాళ్ళకు జీరో టికెట్, అంటే ఉచితం; మగవాళ్ళకు నలభై రూపాయల దాకా అవుతుంది. సీటు కావాలంటే పావుగంట ముందే వెళ్ళి ఎక్కండి, లేదంటే గంటసేపు కమ్మీ పట్టుకుని నిలబడాలి. నేను నిలబడ్డాను. కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్కన వడ్ల కుప్పలు, వాటి వెనక గోడ మీద మా డ్రింకు బొమ్మ. కండలు తిరిగినవాడొకడు సీసా ఎత్తి పట్టుకుని ఉన్నాడు, కింద "అలసటే లేదు" అని రాసి ఉంది. ఆ రాతకు ఆనుకుని హమాలీలు నలుగురు నేల మీద వాలిపోయి ఉన్నారు. బొమ్మలోని వాడు జన్మలో ఒక బస్తా ఎత్తి ఉండడు. ఆ గోడకు సున్నం కొట్టించింది కూడా నేనే.

దుబ్బాకలో దిగాక షేర్ ఆటో ఎక్కాను, ఇరవై రూపాయలు. ఆటో వెనక కూడా మా పోస్టరే. ఎంత ఇచ్చారని డ్రైవర్‌ను అడిగాను. పైసలేం ఇయ్యలేదట, ఒక డబ్బా సీసాలిచ్చి అంటించి పోయారట. "ఇంట్ల ఎవలు తాగుతలేరని మా బర్రె ముందల పోసిన అన్నా. అది నా మొకం దిక్కు చూసి అవుతలికి పోయింది" అన్నాడు. ఆటోలో అందరూ నవ్వారు. నా చొక్కా మీద కంపెనీ గుర్తు ఉంది. సంచి గుండెలకు అడ్డం పెట్టుకున్నాను.

తొమ్మిదిన్నరకే ఎండ మాడ్చేస్తోంది. భారతమ్మకు యాభై ఏళ్ళుంటాయి. కొట్టు అంటే ఇంటి ముందు గది: సబ్బులు, షాంపూ ప్యాకెట్లు, బిస్కెట్లు, మూలన మా ఫ్రిజ్. నేను పలకరించకుండానే వెళ్ళి తలుపు లాగాను. అరలన్నీ నిండుగా ఉన్నాయి, ఫొటోలో ఉన్నట్టే. కానీ దగ్గర నుంచి చూస్తే ప్రతి సీసా మెడకూ ఒక నూలు పోగు కట్టి ఉంది. ఒకదానికి పచ్చది, ఒకదానికి నీలం, ఒకదానికి రెండు రంగులు పేనినది. ఒక సీసా తీసి మూత తిప్పితే చప్పుడు లేకుండా వచ్చేసింది. ఒక గుక్క తాగాను. మంచినీళ్ళు. సీసా చుట్టూ మెడ దాకా ఎర్ర కాగితం ఉండటంతో లోపల ఏముందో యాప్‌కు తెలియలేదు, నాకూ తెలియలేదు.

"అది నర్సయ్య మామ సీసా బిడ్డా. ఆయన తిడ్తడు, ఇంకోటి ఇస్త ఆగు" అంది భారతమ్మ, దొంగతనం బయటపడ్డ మనిషిలా కాకుండా.

విషయం ఆమే చెప్పింది. చుట్టుపక్కల ఇళ్ళలో మగ్గం నేసేవాళ్ళు ఖాళీ సీసాలు కడిగి, నల్లా నీళ్ళు నింపి, ఎవరి సీసాకు వాళ్ళ రంగు పోగు కట్టి రాత్రే ఇచ్చిపోతారు. పొద్దున ఆమె ఫొటో పెడుతుంది, పది గంటల నుంచి ఎవరి సీసా వాళ్ళు పట్టుకెళ్తారు. నీళ్ళకు ఆమె ఏమీ తీసుకోదు. మగ్గం గదిలో ఫ్యాను వేసుకోరు, గాలికి పోగు ఎండి పెళుసై తెగుతుంది. ఈ ఎండలో మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టుకుని పొద్దంతా తువ్వాళ్ళు నేసే మనిషికి చల్లటి నీళ్ళు ఒక్కటే దిక్కు.

అప్పుడే నర్సయ్య వచ్చాడు. అరవై దాటిన మనిషి, చెవి వెనక బీడీ. నన్ను గుర్తుపట్టాడు. కిందటి ఎండాకాలం వ్యాను మీద మైకు పెట్టి ఈ సందులో సీసాలు పంచినవాణ్ణి నేనే. మరి ఇప్పుడెందుకు కొనట్లేదని అడిగాను. అడిగేటప్పుడు నా గొంతులో ఆఫీసరే ఉన్నాడు.

"నువ్వు పుక్కట్ల ఇస్తివి, తాగినం. ఎనుకసీరి అలవాటై కొనుక్కొని తాగినం. రాత్రి నిద్ర పట్టకపాయె, పొద్దుగాల చేతులు వణుకబట్టె. చెయ్యి వణికితే పోగు తెగుతది. దినమంత తెగిన పోగులు అతుక్కుంట కూసుంటే తువ్వాల ఎప్పుడు దిగాలె? గా మైకుల ఈ ముచ్చట చెప్పకపోతివి."

మైకులో నేను చెప్పింది నాకు రాసిచ్చిన కాగితం. ఫ్రిజ్‌లో వేరేవి పెట్టకూడదన్న షరతు భారతమ్మకు గుర్తుచేశాను, అదొక్కటే మిగిలింది. కరెంటు బిల్లు చీటీ చూపించింది. అది ఆమే కడుతోంది.

"ఫ్రిజ్ మీదే బిడ్డా, కాదంటలేను. కరెంటు నాది. మరి సల్లదనం ఎవలది?"

నాకు ట్రైనింగు గుర్తొచ్చింది. సిద్దిపేటలో ఒక ఫంక్షన్ హాల్లో మమ్మల్ని కూర్చోబెట్టి ఇదే ఆఫీసరు తెర మీద చూపించాడు: మనకు పోటీ వేరే కంపెనీ కాదు, మంచినీళ్ళు. చెమట పట్టే చోట ఫ్రిజ్ పెట్టాలి, అందులో నీళ్ళు లేకుండా చూడాలి. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, గట్టిగా.

బయటికొచ్చి ఆఫీసరుకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వీడియో తీశావా అన్నాడు. తీయలేదన్నాను. చల్లటి నీళ్ళు ఊరికే దొరికితే మన సరుకు ఎవడు కొంటాడని అరిచాడు. ఎవడూ కొనడు సార్, కొనాల్సిన అవసరం కూడా లేదన్నాను. వీడియో పంపకపోతే రేపటి నుంచి రావద్దన్నాడు. పంపనన్నాను. లోపలికి వెళ్ళి ఫ్రిజ్ కోసం మనుషులొస్తారని భారతమ్మకు చెప్పాను. ఆమె విని, పళ్ళెంలో సర్వపిండి ముక్క పెట్టింది.

ఫ్రిజ్ గురువారం పోయింది. ఇప్పుడది ఒక బస్టాండు దగ్గర ఎర్ర సీసాలతో మెరుస్తోంది. నేను వీడియో పంపకపోవడం వల్ల ఆమెకు దొరికింది మూడు రోజుల చల్లటి నీళ్ళు. నా ఉద్యోగం ధర అంతే. దాహం మనిషిదే కానీ దాని మీద హక్కు తమదనుకునేవాళ్ళకు నేను ఏడాదిన్నర మైకు పట్టుకున్నాను. వాళ్ళ మీద ఎంత కోపముందో నా మీదా అంతే ఉంది. అది చల్లారాలని కూడా నేను కోరుకోవట్లేదు.

తువ్వాళ్ళు కొనడానికి దుబ్బాక వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. పదకొండు లోపు మగ్గాల సందుకు చేరుకోండి, తర్వాత ఎండకు నిలవలేరు. భారతమ్మ కొట్టులో ఇప్పుడు రంజన్ ఉంది, తడిగుడ్డ చుట్టిన పెద్ద మట్టికుండ. అడిగితే నీళ్ళిస్తుంది. డబ్బులు ఇవ్వబోకండి, తీసుకోదు. వచ్చేటప్పుడు ఒక సబ్బో, బిస్కెట్ ప్యాకెట్టో కొనండి. ఆమె బతికేది వాటి మీద.