తెగిన పోగులు, పచ్చి ఇటుకలు

“రెండు మాట్లు జేసినవ్, రెండు మాట్లు పగిలినయ్. మట్టి పాడు, నీ నడుము పాడు.”

“ఎండలు ఎక్కువైనయి. అందుకే పగిలినయి.”

“గొర్ల ఎల్లేశం కొట్టానికి ఎండ తగలలేదా? ఆ గోడ పగిలిందా? ఎండ నీ ఇటుకలకేనా?”

మోత్కూర్‌లో సందు మలుపులోనే దినేశ్‌కు మేనమామ ఇంట్లో అత్త ఆయన్ని తిడుతున్న లొల్లి వినిపించింది. బండికి స్టాండు వేసి కాసేపు బయటే నిలబడ్డాడు. లోపలికి పోవాలంటే విసుగ్గా ఉంది. నల్గొండలో ఒక బట్టల దుకాణానికి కాపలా మనిషి కావాలంటే మామ పేరు చెప్పిందీ, ఇవాళ వెంట తీసుకుపోదామని వచ్చిందీ అతనే.

మామ లక్ష్మీనర్సయ్య మీసం రాకముందు నుంచి గుంట మగ్గం మీద నేస్తున్నాడు. నిరుడు ముసురుకు మగ్గం ఇంటి పడమటి మట్టిగోడ కూలింది. అడ్డం కట్టిన పరదా ఆగడం లేదు, జల్లు కొడితే నూలంతా నానుతోంది. ఈ వానలలోపు గోడ లేవకపోతే మగ్గం విప్పేస్తానని భార్య వెంకటనర్సమ్మకు ఒప్పుకున్నాడు. విప్పితే ఇక కాపలా పనే గతి.

మట్టి ఇటుకలో గడ్డి కలుపుతారని ఊరందరికీ తెలుసు. ఈయన గడ్డి వద్దన్నాడు. మగ్గం కింద మిగిలిన నూలు పోగులు మూటలు మూటలుగా ఉన్నాయి, గడ్డి కంటే నూలు గట్టిది కదా అన్నాడు. ఆ మాటలో తప్పేం లేదు. ఎర్రమట్టి తొక్కి, నూలు కలిపి, చెక్క అచ్చులో కొట్టి ఆరబెట్టాడు. పగిలాయి. మళ్లీ చేశాడు. అవీ పగిలాయి.

దినేశ్ లోపలికి పోయి, పలకరింపు కూడా లేకుండా ఒక ఇటుక తీసి బండ మీద కొట్టాడు. రెండు చెక్కలైంది. నడుమ నూలు పిడికెడు ఉండలా చుట్టుకుని ఉంది. దాని చుట్టూ బోలు. మట్టి ఒక దిక్కు, నూలు ఒక దిక్కు.

“మామా, మూరలు మూరలు అట్లనే ఏసినవా? గడ్డి ఏసేటోళ్లు కూడ నరికి ఏస్తరు గదా. బెత్తెడు బెత్తెడు కత్తిరిస్తే మట్టంత పరుచుకుంటది. గింత తెల్వదా?”

“తెల్సు,” అన్నాడు లక్ష్మీనర్సయ్య.

“తెల్సే ఏసినవా?”

వెంకటనర్సమ్మ చేతిలోని చాట కింద పెట్టింది. “నిన్న కత్తెర చేతికిచ్చిన అల్లుడా. పొద్దుమూకేదాక మూట ముందట కూసున్నడు. పోయి చూస్తే ఏంజేసిండనుకున్నవ్? తెగిన పోగులన్ని ఏరి, అతికి, కండె చుట్టిండు.”

దినేశ్‌కు నవ్వొచ్చింది. మామ ముఖం చూసి ఆపుకున్నాడు. అరుగు మీద నిజంగానే నూలు చుట్టిన కండె ఒకటి ఉంది. రంగురంగుల పోగులు, ముడి కనబడకుండా అతికినవి. ఏ చీరకూ పనికిరాని కండె.

“తిట్టకురా,” అన్నాడు లక్ష్మీనర్సయ్య. “నువ్వు కాలేజి ఇడిసినప్పుడు నేనేమన్న అన్ననా? తెగిందాన్ని అతుకుడే నా పని. కత్తెర పట్టేది చీరను మగ్గం మీదికెల్లి దించేటప్పుడే. గీ పోగులు కోద్దామంటే వేళ్లు ఆడుతలేవు.”

“దుకాణంల వేళ్లతోటి పనే లేదు. కుర్చీల కూసునుడే. వస్తవా రావా? సేటుకు చెప్పాలె.”

లక్ష్మీనర్సయ్య మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచాడు. గోడ కూలిన జాగా దాకా పోయి, పరదా ఎత్తి మగ్గాన్ని చూసి, తిరిగొచ్చాడు. చేతిలో కత్తెర ఉంది. పిడి అల్లుడి దిక్కు తిప్పి పట్టుకున్నాడు.

“గీ మూటంత నువ్వు కత్తిరించు అల్లుడా. మట్టి నేను తొక్కుత. కత్తిరించేటప్పుడు మాత్రం జర నన్ను పిలువకు.”