పెదవులు కదిలినందుకు

సింధూజ పెదవులు కదుపుతూ చదువుతుంది. అదేం దొంగ వేషం కాదు, మగ్గాల షెడ్డులో పెరిగిన పిల్ల అలవాటు. తెలుగు నేతగాళ్లు వలసొచ్చి బతికే పర్వత్ పాటియాలో వాళ్ల నాన్న బిక్షపతి, అమ్మ ఐలమ్మ పనిచేసే పవర్‌లూమ్‌ల మధ్య గొంతు చించుకున్నా వినపడదు. అందుకే అక్కడ అందరూ గొంతు పెగల్చకుండా ఉత్త పెదవులతో మాట్లాడుకుంటారు. ఈ మూల నుంచి 'చాయ్' అంటే ఆ మూల మనిషి తలూపుతాడు. ఈ పిల్ల అక్షరాలు దిద్దింది కూడా అక్కడే.

నర్సయింది. కరోనా వార్డులో ఏడాదిన్నర చేసింది. ఐర్లాండులో ఆసుపత్రి ఉద్యోగం ఇస్తామన్నారు, ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కితే చాలు. కేంద్రాలు మూసేశారు కాబట్టి ఇంట్లోనే కెమెరా ముందు కూర్చుని రాయాలి. కనిపెట్టి చూసేది మనిషి కాదు, మిషను. వాళ్లిల్లు షెడ్డును ఆనుకునే ఉంది, ఒకటే మగ్గాల మోత. నేను బ్యాంకు గుమాస్తాను, రెండేళ్లుగా ఆమెకు ఇంగ్లీషు చెబుతున్నవాణ్ని. నా గది ఇచ్చాను.

"భయపడకమ్మా, మిషనుకు పేదా గొప్పా తెలీదు. దానికి అందరూ ఒకటే" అన్నాను. ఏం తెలివండీ నాది!

బయట గొళ్లెం పెట్టి నేనే కాపలా కూర్చున్నాను. మూడు గంటల తర్వాత నవ్వుతూ వచ్చింది.

"మంచిగ రాసిన సార్."

పది రోజులకు జవాబొచ్చింది. పరీక్ష రద్దు. పెదవులు మాటిమాటికీ కదిలాయట, గదిలో ఇంకెవరితోనో మాట్లాడిందట. నాకు ఒళ్లు మండిపోయింది. వీళ్ల కెమెరా తగలెయ్య! నోరు మూసుకుని చదివేవాళ్లే నిజాయితీపరులా?

అప్పీలుకు వారం గడువిచ్చారు. సింధూజ పరుగున వచ్చింది.

"గదిల ఎవ్వరు లేరని జర రాసియ్యుండ్రి సార్. సాక్షి మీరొక్కలే."

"చూద్దాంలే అమ్మా" అన్నాను. మోసం కేసులో బ్యాంకు ఉద్యోగి సంతకం ఎందుకని నా పిరికితనం. ఒకరోజు పని ఉందన్నాను, ఇంకోరోజు జ్వరమన్నాను. ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. గడువు దాటిపోయింది.

సిగ్గు విడిచి షెడ్డుకు వెళ్లాను, తప్పు ఒప్పుకుందామని. అమ్మకు సద్ది తెచ్చిన సింధూజ దూరం నుంచే నన్ను చూసింది. మాస్కు కిందికి లాగి, అమ్మవైపు తిరిగి పెదవులు కదిపింది. ఐలమ్మ ముఖం మాడిపోయింది. నన్ను గుమ్మం బయటికి తీసుకొచ్చింది.

"ఏమందమ్మా?" అని అడిగాను.

"మిషనుకు నేనెవ్వరో ఎర్క లేదు, సారుకు ఎర్కే గద, అన్నది" అని చెప్పి ఐలమ్మ మగ్గం దగ్గరికి వెళ్లిపోయింది.