ఒక్కటే గుమ్మడికాయ

కృష్ణానగర్‌లో మా గది కింద రోజూ తెల్లవారకముందే ఒక వ్యాను వచ్చి ఆగేది. డాన్సర్లను ఎక్కించుకుని షూటింగులకు తీసుకెళ్ళేది. మా అక్క కూడా అందులోనే వెళ్ళేది. అక్కంటే తోడబుట్టింది కాదు. నాతో గది పంచుకున్న గ్రూప్ డాన్సరు, కరీంనగర్ వైపు మనిషి. నేను భీమవరం దగ్గర్నించి వచ్చి, అమీర్‌పేటలో కోర్సులు చేసి, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం సంపాదించాను. ఆ రోజుల్లో మా కాలేజీలో సగంమంది చేసిన పనే అది. ఉద్యోగంలో చేరి ఏడాది తిరక్కుండానే మెడ పక్కన గడ్డ తేలింది. పరీక్షలు చేసి కాన్సరన్నారు.

అమ్మ ఊరి నుంచి వచ్చేసింది. మొదటి కీమోకి బయల్దేరిన పొద్దున అక్క ఆటో ముందు కర్పూరం వెలిగించి కొబ్బరికాయ కొట్టింది. ఇదేమన్నా సినిమా ఓపెనింగా అని విసుక్కున్నాను. సినిమావాళ్ళు కొబ్బరికాయ కొట్టకుండా ఏదీ మొదలుపెట్టరని, తనకు వేరే పద్ధతి తెలీదని అంది. అప్పటినుంచీ మా గదిలో కీమో అనే మాట లేదు. ఒక్కొక్కటీ ఒక్కో షెడ్యూలు. ఈ షెడ్యూలు అయిపోయింది, తర్వాతి షెడ్యూలు ఎప్పుడు, అంతే.

పాజిటివ్‌గా ఉండమన్న మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఆఫీసువాళ్ళు యాపిల్స్ పట్టుకొచ్చి, మంచం అంచున కూర్చుని, తప్పకుండా ఆ మాటే అనేవాళ్ళు. పాపం మంచివాళ్ళే. కానీ నోట్లో ఏ రుచీ తెలియక, మంచినీళ్ళు కూడా ఇనపముక్క నాకినట్టు ఉంటే, దేన్ని పట్టుకుని పాజిటివ్‌గా ఉండాలో ఎవరూ చెప్పేవాళ్ళు కాదు.

అక్క ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. తిన్న ఇడ్లీ వాంతయిపోతే, మగ్గుతో నీళ్ళు పోసి శుభ్రం చేసి, "వన్ మోర్ టేక్" అంటూ ఇంకో ఇడ్లీ పట్టుకొచ్చేది. జుట్టంతా ఊడిపోయాక పూల రుమాలు ఒకటి తెచ్చి తలకు కట్టి అద్దం ముందు నిలబెట్టింది. అచ్చం పడవ పాటలో చివరి వరసలో నిలబడే డాన్సరులా ఉన్నాను. నవ్వొచ్చింది. ధైర్యంతో నవ్వింది కాదు, నిజంగానే నవ్వొచ్చింది. అమ్మ మాత్రం వంటగట్టు వైపు తిరిగిపోయింది.

చివరి కీమో అయిపోయిన రోజున అక్క ఎర్రగడ్డ మార్కెట్ నుంచి పెద్ద బూడిదగుమ్మడికాయ మోసుకొచ్చింది. షూటింగు పూర్తయిన రోజు గుమ్మడికాయ కొట్టడం వీళ్ళ ఆనవాయితీ. దానికి కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, నా చుట్టూ తిప్పి గేటు ముందు నేలకేసి కొట్టింది. మా సందులోని డాన్సర్లు, లైట్‌మెన్లు చప్పట్లు కొట్టారు. దిష్టి తీస్తోంది కాబోలనుకుని అమ్మ కూడా సంతోషించింది. నాకైతే నిజంగానే అంతా అయిపోయిందనిపించింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

స్కాన్ రిపోర్టు తర్వాత వచ్చింది. ఛాతీలో కొంచెం మిగిలిందని, మందు మార్చి మరికొన్నాళ్ళు ఇవ్వాలని డాక్టరుగారు నెమ్మదిగానే చెప్పారు. నేను ఇక రానన్నాను. కోపంతో అన్న మాట కాదు. అయిపోతుందనుకుని ఒంట్లో ఉన్న ఓపికంతా చివరి చుక్క దాకా ఖర్చు పెట్టేశాను, ఇంక పెట్టడానికి ఏమీ లేదు. ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాను. అమ్మ బతిమాలింది, ఏడ్చింది, తిట్టింది. నేను కదల్లేదు.

ఇన్ని రోజులూ నన్ను లేపి కూర్చోబెట్టిన అక్క మాత్రం తోటి డాన్సర్ల దగ్గర పడుకుంటూ గదికి రావడం మానేసింది. అందరూ విసిగిపోతారులే అనుకున్నాను. అది మాత్రం కోపమే. అమ్మే చివరికి అసలు సంగతి చెప్పింది. నేను నిద్రపోతున్నప్పుడు బట్టల కోసం వచ్చిందట, గడప దాటి లోపలికి రాలేదట. పని మిగిలుండగా గుమ్మడికాయ కొట్టేశానని, తన తొందర వల్లే జబ్బు మిగిలిపోయిందని మెట్ల మీద కూర్చుని ఏడ్చిందట.

నాకు పిచ్చి కోపం వచ్చింది. జబ్బు నాది, నేరం తనదా? షూటింగు ఎక్కడో కనుక్కోమన్నాను. జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలోనట. అమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు దిగి ఆటో ఎక్కాను. చాలా రోజుల తర్వాత నా అంతట నేను అడిగి బయటికి వెళ్ళడం అదే.

వాచ్‌మన్ లోపలికి కబురు పెడితే అక్క గేటు దగ్గరికి వచ్చింది. తళుకుల లంగా, ముఖం నిండా మేకప్. నా ముఖం వైపు చూడలేదు.

"నా చేత్తోనే కొట్టిన చెల్లె. రిపోర్టు రాకముందే తొందరపడ్డ" అంది.

ఏం చెప్పాలో ముందుగా అనుకుని వెళ్ళలేదు. మూఢనమ్మకమని అంటే తన మనసు కుదుటపడదని మాత్రం తెలుసు. తన లోకంలోంచే ఏదో ఒకటి చెప్పాలి. సినిమా పూర్తయ్యాక కూడా అక్కడక్కడా మిగిలిన ముక్కలకు మళ్ళీ పిలుస్తారని తనే ఎన్నోసార్లు గొణుక్కునేది.

"గుమ్మడికాయ కొట్టాక ప్యాచ్ వర్క్ ఉండదా అక్కా?"

"ఉంటది. ఎంత పెద్ద సినిమాకైనా ఉంటది" అంది. తర్వాత తలెత్తి నా ముఖంలోకి చూసింది. "మరి డేట్స్ ఇస్తవా?"

తనని ఓదార్చడానికి వెళ్ళినదాన్ని, అలా దొరికిపోయాను. ఇస్తానన్నాను. వెనక నిలబడ్డ అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ప్యాచ్ వర్క్‌కు కొబ్బరికాయ కొట్టరు. మళ్ళీ కీమో మొదలైన రోజు అక్క షూటింగు మానుకుని ఆటోలో నా పక్కన కూర్చుంది. ఆ నెలలు మొదటివాటికన్నా కష్టంగా గడిచాయి. రానన్న మాట మళ్ళీ మళ్ళీ నోటిదాకా వచ్చేది, డేట్స్ ఇచ్చేశానని మింగేసేదాన్ని.

ఈసారి స్కాన్‌లో ఏమీ లేదు. డాక్టరుగారు రిపోర్టు చూసి ఆ మాట చెప్పాక గానీ అమ్మ గుమ్మడికాయ కొనలేదు. తెచ్చి అక్క చేతుల్లో పెట్టింది. అక్క తీసుకోలేదు.

"ఒక్క సినిమాకు ఒక్కటే గుమ్మడికాయ పెద్దమ్మా" అంది.

కొన్నదాన్ని పారేసే మనిషి కాదు మా అమ్మ. మర్నాడే దాన్ని తరిగి, మినప్పిండి కలిపి, డాబా మీద వడియాలు పెట్టింది. డాన్సర్లు ఆరేసుకున్న చీరల మధ్య అవి ఎండాయి. వేయించిన మొదటి వాయి అక్కా నేనూ గిన్నెలోంచే తీసుకుని తిన్నాం. రెండోది నములుతుంటే ఉప్పు తెలిసింది.

"అమ్మా, ఉప్పెక్కువైంది" అన్నాను.

అమ్మ పొయ్యి కట్టేసి వచ్చి, నా ముందు కూర్చుని, మళ్ళీ అనమంది.