పీత డెక్క మందు

ఆ రోజుల్లో నాకు కెమిస్ట్రీ వచ్చుననే జబ్బు ఉండేది. ఎమ్మెస్సీ అవగానే విజయవాడలో రొయ్యల మందులు అమ్మే ఉద్యోగం దొరికింది. (ఇంట్లో సైంటిస్టునని చెప్పాను. మా అమ్మ వీధంతా అదే చెప్పింది.) నెలలు గడిచినా ఒక్క సంచీ అమ్మలేదు. "ఈ వారం కూడా ఉత్తచేతులతో వస్తే ఇక రానక్కర్లేదు" అన్నాడు మేనేజరు. దాంతో చెరువు నీళ్లలోని ఇనుముని కట్టేసే ఈడీటీఏ పొడి సంచీ భుజాన వేసుకుని హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగాను.

ఆ దగ్గర్లోని ఊళ్లో ఒక రొయ్యల రైతుని అందరూ ఏరేటర్ బాబాయి అనేవారు. చెరువులో నీళ్లు చిలికే ఏరేటరు కరెంటు పోతే ఆగుతుంది, ఈయన నోరు దేనికీ ఆగదు. ఆయన బోరు నీళ్లలో ఇనుము ఎక్కువై రొయ్యల మొప్పలు నల్లబడుతున్నాయి. అచ్చం మా పొడి కోసమే పుట్టిన జబ్బు! వాడి చూడండి అంటే సరిపోయేది, కానీ నా చదువు ఊరుకుంటుందా? గట్టు మీద పదిమంది రైతుల్ని కూర్చోబెట్టి పాఠం ఎత్తుకున్నాను. "ఇది కీలేటింగ్ ఏజెంటండీ. గ్రీకులో కీలే అంటే పీత డెక్క. నీళ్లలో ఇది పీతలా డెక్కలు చాచి ఇనుముని గట్టిగా పట్టేసుకుంటుంది!" అంటూ రెండు చేతులూ ఆడించి చూపించాను. చప్పట్లు కొడతారనుకున్నాను. బాబాయి లేచి నిలబడ్డాడు.

"ఏవయ్యా, పీతలొస్తే రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చిద్దని చెరువు చుట్టూ వల కట్టుకుని మేం చస్తుంటే, నువ్వు సంచిలో తెచ్చి పోస్తానంటావా?"

"పీతలుండవండీ, పీత లాంటి..."

"పీత పొడంట్రా! నీళ్లు తగిలితే పిల్లలు పెట్టిద్దేమో!" అన్నారెవరో వెనకనుంచి.

సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అంటారు. ఆ రోజు రెండూ నావే. ఉద్యోగం కళ్లముందే చెరువులో మునుగుతోంది. చేతులు దించేసి, "అది ఇనుముని అన్ని వైపులా చుట్టేసి ఇక దేంతోనూ కలవనివ్వదండీ, అంతే" అన్నాను. బాబాయి, టీ తెచ్చిన పిన్ని వంక ఒకసారి చూశాడు. "ఓహో! పెళ్లాం మందని ముందే చెప్పొచ్చుగా!"

"ఇనుమైతే పట్టుకోవచ్చు. ఈయన తుప్పు" అంది పిన్ని, గ్లాసు నా చేతికిస్తూ. గట్టంతా గొల్లుమంది. ఆ నవ్వులోనే సంచీ అమ్ముడైపోయింది.

ఉద్యోగం నిలిచింది, పేరే పోయింది. ఆ చుట్టుపక్కల నేను "పీత గారు" అయ్యాను. (గారు ఎందుకంటే, చదువుకున్నవాణ్ని కదా.) ఇప్పుడు నేనే మేనేజర్ని. గ్రీకు జోలికి పోవద్దని కొత్తవాళ్లకు గట్టిగా చెబుతాను. సంచీలు బాగానే పోతున్నాయి. కానీ తనకి నచ్చిన మాట లోకమంతటికీ నచ్చి తీరుతుందని నమ్మిన ఆ పీత గారంటే నాకు భలే ముద్దు. అలా నమ్మి చేతులాడించి ఎన్నాళ్లయిందో!